కుక్కను చూడకూడని కుర్చీ

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి మా తమ్ముడు, నేను, ఇంకో నలుగురం తడి గోనెసంచులు పట్టుకుని గ్రౌండంతా ఈ చివరి నుంచి ఆ చివరికి లాగుతూ తిరిగాం. పల్లేరుకాయల కోసం. అనంతపురంలో ఏ ఖాళీ స్థలంలో చూసినా పల్లేరు ఉంటుంది. ఎండిన కాయ మట్టి రంగులో కలిసిపోయి కంటికి కనిపించదు, కాలికే తెలుస్తుంది. వంగి ఏరుతూ కూర్చుంటే వారం పడుతుంది. సంచిని తడిపి నేలకు అదిమి లాగితే ముళ్ళన్నీ గోనె నారకు పట్టుకుని వచ్చేస్తాయి. ఈ ఉపాయం పక్క వీధిలో మేకలు మేపే పెద్దమ్మ చెప్పింది. గంటసేపట్లో ఆరు సంచులూ ముళ్ళపందుల వీపుల్లా తయారయ్యాయి. నేను అరచేత్తో ఒకసారి తడిమి చూసి వెంటనే చెయ్యి తీసేశాను. పరుగు మీద ఉన్న కుక్క పాదంలో ఆ కాయ దిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మేం పెట్టుకున్నది కుక్కల ఎజిలిటీ పోటీ. వరసగా అడ్డంకులు ఉంటాయి. కుక్క ఎగిరి దూకాలి, సొరంగంలో దూరాలి, కర్రల మధ్య వంకర్లు తిరుగుతూ పోవాలి, సీ-సా పలక ఎక్కి దిగాలి. యజమాని పక్కన పరిగెత్తుతూ చేత్తో, గొంతుతో దారి చూపిస్తాడు. కుక్కను ముట్టుకోకూడదు, చేతిలో బిస్కెట్ ఉండకూడదు, మెడకు గొలుసు ఉండకూడదు. తప్పులు తక్కువ, టైము తక్కువ ఉన్నవాళ్ళు గెలిచినట్టు. ఇది 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో పుట్టింది. మధ్యలో ఖాళీగా ఉన్న కాసేపు జనానికి ఏదో ఒకటి చూపించాలని, గుర్రాల దూకుడు పందేలను చూసి తయారుచేశారట. ఈ సంగతి మాకు బెంగళూరు నుంచి వచ్చిన జడ్జి మేడం చెప్పారు.

మా తమ్ముడికి కుక్కలే లోకం. పగలు డ్రిప్ పైపుల షాపులో పని, సాయంత్రం ఊళ్ళోవాళ్ళ కుక్కలకు ట్రైనింగ్. బెంగళూరులో రెండుసార్లు ఇలాంటి పోటీకి వెళ్ళొచ్చి, మన ఊళ్ళో ఎందుకు పెట్టకూడదని పట్టుపట్టాడు. సామాన్లు చాలావరకు ఇక్కడే చేయించాం. దూకే కడ్డీలు, వంకర్లు తిరగడానికి పన్నెండు కర్రలు, అన్నీ వాడి షాపులోని పైపులే. కర్రకూ కర్రకూ మధ్య సరిగ్గా 60 సెంటీమీటర్లు ఉండాలి. ఆ కొలత ప్రకారం కింద ఇనుప పట్టీ మీద వెల్డింగ్ చేయించాడు. ఏ-ఫ్రేమ్ అంటే రెండు వెడల్పాటి పలకలు ఇంటి కప్పులా ఆనించి పెట్టేది. దాని అడుగు భాగాన పసుపు రంగు వేస్తారు. దిగేటప్పుడు కుక్క కనీసం ఒక్క పాదమైనా ఆ పసుపు మీద పెట్టాలి. పైనుంచే దూకేస్తే భుజాలకు, కీళ్ళకు దెబ్బ. అందుకని అది తప్పుగా లెక్క. సొరంగాలు రెండూ బెంగళూరువాళ్ళు అరువిచ్చారు. గాలికి, కుక్క వేగానికి అవి దొర్లిపోకుండా యూరియా సంచులను సగానికి కత్తిరించి, ఇసుక పోసి, కుట్టి రెండు పక్కలా వేశాం.

సీ-సా పలక దగ్గర ఒక ముచ్చట. మేడం రాగానే, దిగేవైపు పలక మధ్యలో కిలో బరువు పెట్టి చూడాలన్నారు. మూడు నాలుగు సెకన్లలో అది నేలకు ఆనాలి. మరీ మెల్లగా దిగితే చిన్న కుక్కలు పైనే చిక్కుకుని భయపడతాయి, ధడేల్మని దిగితే పెద్ద కుక్క కూడా మళ్ళీ ఎక్కదు. కిలో బరువు ఎక్కడ తేవాలి? మా తమ్ముడు బండేసుకుని మూల మీది కిరాణా కొట్టు తలుపు కొట్టి, ఇనుప తూకం రాయి తెచ్చాడు. మొదటిసారి ఏడు సెకన్లు పట్టింది. ఇరుసు రెండు వేళ్ళు జరిపారు. నాలుగోసారికి సరిపోయింది. ఆ రాయి పెట్టి, వేళ్ళతో సెకన్లు లెక్కపెడుతూ ఆరుగురం చుట్టూ కూర్చున్నాం. అప్పటికి ఇంకా తెల్లవారలేదు, సెల్‌ఫోన్ లైటు వేసుకుని చూశాం.

పనులు పంచుకోవడం మాత్రం గురువారం రాత్రే మా మిద్దె మీద అయిపోయింది. పోటీకి వచ్చే కుక్కలు పంతొమ్మిది, పనిచేసే మనుషులు పదిహేను మంది. ఇంతమంది ఎందుకని మా అమ్మ అడిగింది. నాకూ అదే అనుమానం. ఆదివారం అయ్యాక చూస్తే ఇంకో నలుగురు ఉంటే బాగుండేదనిపించింది.

నేను జిల్లా కోర్టులో స్టెనోని. పదకొండేళ్ళ సర్వీసు. అందుకే మా తమ్ముడు ఆలోచించకుండా, "అక్కా, నువ్వు స్క్రైబ్. నువ్వు రోజూ చేసేదే. జడ్జి చెప్పింది రాయడమే" అన్నాడు. మా ఇంట్లో మల్లి అని పదేళ్ళ వీధికుక్క ఉంది. తుంటి నొప్పి దానికి, మెట్లే ఎక్కలేదు. మాకు పోటీలో కుక్క లేదు కాబట్టి నాకు ఏ పనైనా ఒకటే అనుకున్నాను.

మిగతా పనులు కూడా చెప్పాలి. బయట నుంచి చూసేవాళ్ళకు ఇవి పనుల్లాగే కనిపించవు.

గేటు దగ్గర ఒకాయన టీకా పుస్తకాలు చూస్తాడు. రేబిస్ టీకా తేదీ దాటిపోయి ఉంటే లోపలికి లేదు. పక్కనే ఎత్తు కొలుస్తారు, నేల నుంచి భుజాల పైవరకు. 35 సెంటీమీటర్ల లోపు చిన్నవి, 43 లోపు మధ్యరకం, 48 లోపు దాని పై రకం, ఆ పైన పెద్దవి. ఆ ఎత్తును బట్టే కడ్డీల ఎత్తు. ఎదకొచ్చిన ఆడకుక్క ఉంటే అందరికంటే చివర్లో పరిగెత్తిస్తారు, లేకపోతే తర్వాత వచ్చే మగకుక్కలు వాసన పట్టుకుని అక్కడే నిలబడిపోతాయి.

బెంగళూరులో లేని పని ఒకటి ఇక్కడ మేం కలుపుకున్నాం. వీధికుక్కల డ్యూటీ. గ్రౌండు చుట్టూ గోడ రెండు చోట్ల కూలిపోయి ఉంది. ఆ వీధి కుక్కలు ఏడెనిమిది రోజూ అక్కడే పడుకుంటాయి. వాటిని తరిమితే మొరుగుతాయి, లోపలున్నవి బెదురుతాయి. ఆ పని ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లవాడు తీసుకున్నాడు. వాడికి ఆ వీధి కుక్కలన్నీ పేరు పేరునా తెలుసు. పార్లే-జీ ప్యాకెట్లు జేబులో పెట్టుకుని, ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుచుకుంటూ వెనక చింతచెట్టు కిందికి తీసుకెళ్ళి, పోటీ అయ్యేదాకా వాటి మధ్యనే కూర్చున్నాడు. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు ఒక్క కుక్క కూడా గోడ దాటలేదు. నా లెక్కలో ఆ రోజు అందరికంటే బాగా పనిచేసింది వాడే. కానీ వాడికి పోటీ ఒక్క ముక్క కనిపించలేదు.

గొలుసు తెచ్చే పని ఒక చిన్నమ్మాయిది. కుక్క మొదలయ్యే చోట గొలుసు విప్పి యజమాని కింద పడేస్తాడు. ఈ అమ్మాయి దాన్ని తీసుకుని, పరుగు పూర్తయ్యే చోటికి బయట నుంచి చుట్టూ తిరిగి పోయి సిద్ధంగా ఉంచాలి. పరుగు ముగించిన కుక్క ఊపు మీద ఉంటుంది, ఆ క్షణంలో గొలుసు చేతికి అందకపోతే నేరుగా ఇంకో కుక్క మీదికి పోతుంది. పరిగెత్తకూడదు, గొలుసు గలగలమనకూడదు. ఆ అమ్మాయి గొలుసును రెండు గుప్పిళ్ళలో ముద్దగా పట్టుకుని, గుడిలో ప్రసాదం తెస్తున్నట్టు నడిచేది.

కడ్డీలు సర్దేవాళ్ళు నలుగురు, నాలుగు మూలలా స్టూళ్ళు వేసుకుని కూర్చుంటారు. కుక్క తన్ని కడ్డీ పడిపోతే పరుగు అయ్యాక లేచి పెట్టాలి. అంతవరకు కదలకూడదు. మూడో కుక్క పరుగులో ఉండగా ఒక కాలేజీ అబ్బాయి కడ్డీ పడిందని ఆత్రంగా లేచాడు. పాపం, సాయం చేద్దామనే. ఆ బీగిల్ టక్కున ఆగి ఆ అబ్బాయి వైపే చూస్తూ నిలబడింది. దాని యజమానురాలు ఎంత పిలిచినా రాలేదు. ఆ తర్వాత ఆ అబ్బాయి స్టూలు మీద రాయిలా కూర్చున్నాడు. చిన్న కుక్కల పరుగు అయ్యాక కడ్డీలు 25 నుంచి 35కి, తర్వాత 45కి, చివరికి పెద్దవాటికి 55కి పెంచాలి. తొమ్మిది దూకుళ్ళు, రెండేసి కొక్కేలు. ఒక్క కొక్కెం ఒక మెట్టు ఎక్కువ తక్కువైనా కడ్డీ వాలిపోయి ఉంటుంది, కుక్కకు అంచనా తప్పుతుంది. అందుకని మా తమ్ముడు గుర్తులు గీసిన కొలకర్ర పట్టుకుని ప్రతిదాని దగ్గరా ఆగి చూసేవాడు. మధ్య మధ్యలో ముంజేతి వెనక భాగం నేల మీద ఆనించి చూసుకునేవాడు, కాలుతోందా లేదా అని. ఫిబ్రవరి అయినా మన ఎండ సంగతి తెలిసిందే కదా. తొమ్మిదిన్నర దాటితే ఎన్ని కుక్కలు మిగిలినా ఆపెయ్యాలని ముందే అనుకున్నాం.

ఇక నా పని.

పొద్దున ఆరున్నరకు మేడం మమ్మల్నందరినీ పిలిచి కూర్చోబెట్టారు. ఆమెది కన్నడం కలిసిన తెలుగు. మన ఊళ్ళో అది ఎవరికీ ఇబ్బంది కాదు. నన్ను పక్కకు పిలిచి చేతులు చూపించారు. అరచెయ్యి తెరిచి పైకెత్తితే తప్పు: కడ్డీ పడింది, పసుపు తాకలేదు, కర్రల్లో ఒకటి వదిలేసింది. పిడికిలి బిగించి ఎత్తితే నిరాకరణ: అడ్డంకి ముందు ఆగిపోయింది, లేదా దాన్ని దాటి పక్కకు పోయింది. రెండింటికీ అయిదేసి మార్కుల కోత. మూడు పిడికిళ్ళయితే పోటీ నుంచి అవుట్. రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఎత్తితే వరస తప్పిందని, నేరుగా అవుట్. అరచేతికి ఎఫ్, పిడికిలికి ఆర్ రాయమన్నారు.

చివర్లో ఒక మాట చెప్పారు. "మీరు కుక్కను చూడకూడదు. నన్నే చూడాలి. కుక్క బయలుదేరినప్పటి నుంచి చివరి కడ్డీ దాటేవరకు నా చేతులు తప్ప ఏమీ చూడకూడదు. నేను ఎత్తింది మీరు రాయకపోతే అది జరగనట్టే."

ఈ మాట నాకు కొత్తది కాదు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకునేటప్పుడు మా మాస్టారు చెప్పేవారు, మాట్లాడే మనిషి ముఖం చూడకు, మాట విను అని. కోర్టులో సాక్షి ఏడుస్తున్నా, తడబడుతున్నా నేను తలెత్తను. తలెత్తితే ఒక వాక్యం పోతుంది. పదకొండేళ్ళలో అది ఒంట్లోకి దిగిపోయిందనే నా నమ్మకం.

నా పక్క కుర్చీలో టైమర్. డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఆయన. రెండు స్టాప్‌వాచీలు, ఒకటి ఆగిపోతే ఇంకొకటి ఉంటుందని. కుక్క మొదటి కడ్డీ దాటగానే నొక్కుతాడు, చివరిది దాటగానే ఆపుతాడు. టైము పైకి చదువుతాడు, నేను తిరిగి చదువుతాను, అప్పుడు రాస్తాను. పదిహేను అడ్డంకులు, దారి మొత్తం 105 మీటర్లు. సెకనుకు రెండున్నర మీటర్ల లెక్కన మేడం 42 సెకన్లు గడువు పెట్టారు. అది దాటితే సెకనుకొక మార్కు కోత.

పదమూడు కుక్కల వరకు నేను తప్పు చేయలేదు. చెవికి అన్నీ వినిపిస్తుండేవి. గోళ్ళ చప్పుడు, పైపు కింద పడిన చప్పుడు, జనం అయ్యో అనడం, సొరంగంలో కుక్క దూరినప్పుడు బట్ట దడదడలాడడం. కళ్ళు మాత్రం మేడం చేతుల మీదే. ఆమె ఎప్పుడూ చేతులు నడుము దగ్గర పెట్టుకుని, కుక్కతోపాటు అడ్డంగా అడుగులు వేస్తుండేవారు. కుడిచేతికి నల్లదారం కట్టిన వాచీ. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాచీ కనిపిస్తుంది.

పద్నాలుగోది రాగి. పెద్ద కుక్కల్లో మూడోది. జాతి కుక్క కాదు, మన వీధికుక్కే. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన పెంచుకుంటున్నాడు. మూడేళ్ళ కిందట డిపో వెనక కాలు విరిగి పడి ఉంటే తెచ్చి కట్టు కట్టించాడని మా తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. అరవై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టి, చెప్పులు విడిచి, కుక్కతోపాటు పరిగెత్తడానికి నిలబడ్డాడు. ఆయన "పద తల్లీ" అన్నాడు. ఆ గొంతు వినగానే నా చూపు జారింది.

చూశాను. దాచిపెట్టేదేముంది, కళ్ళప్పగించి చూశాను. ఏ-ఫ్రేమ్ మీద నుంచి అది పసుపు తాకకుండా దూకింది, అప్పుడు ఉలిక్కిపడి మేడం వైపు తిరిగాను. అరచెయ్యి కనిపించింది, ఎఫ్ రాశాను. మళ్ళీ కళ్ళు అటే పోయాయి. పన్నెండు కర్రల మధ్య ఆ కుక్క ఒళ్ళు ఎలా తిరిగిందంటే, మగ్గం మీద నాడె ఆడినట్టు. విరిగి అతికిన ఆ వెనక కాలు ఒక్కోసారి కొద్దిగా బయటికి పోయేది, వెంటనే లోపలికి లాక్కునేది. తర్వాత టైరు, దాని మధ్యలోంచి దూకాలి. టైరు ముందు అది ఆగింది, ఒక అడుగు వెనక్కి వేసింది, పెద్దాయన చెయ్యి చూపించగానే దూకేసింది. జనం చప్పట్లు కొట్టారు. నా చెయ్యి కూడా కాగితం మీద నుంచి లేచింది.

39.60 అని టైమర్ చదివాడు. నేను తిరిగి చదివాను. రాశాను. కాగితం మీద ఒకే ఒక్క ఎఫ్ ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, టైరు ముందు అది ఆగింది కదా. ఆగితే పిడికిలి లేవాలి. లేచిందా? నేను చూడలేదు. కుక్క ఆగడం నేను చూశాను కాబట్టి ఆర్ రాసేయొచ్చు. కానీ అది నా తీర్పు అవుతుంది, మేడం తీర్పు కాదు. వదిలేస్తే పెద్దాయనకు రెండో స్థానం. ఎవరికీ తెలియదు కూడా. ఆయన పంచె దులుపుకుంటూ రాగి తల నిమురుతున్నాడు.

తర్వాతి కుక్క గొలుసు విప్పబోతుంటే నేను లేచి చెయ్యెత్తాను. బయలుదేరే చోట ఉన్నాయన వాళ్ళను ఆపాడు. నేను నడిచి వెళ్ళి మేడంతో చెప్పాను, "టైరు దగ్గర మీ చెయ్యి నేను చూడలేదు మేడం. కుక్కను చూస్తూ ఉండిపోయాను." ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. "పిడికిలి ఎత్తాను" అన్నారు. అంతే. కోప్పడలేదు. నేను వెనక్కి వచ్చి ఆర్ రాసి, పక్కన ఆమె సంతకం తీసుకున్నాను. అయిదు కాస్తా పది అయింది. అయిదు మార్కుల కోతతో 41.30లో వచ్చిన ఒక లాబ్రడార్ రెండో స్థానానికి వెళ్ళింది, రాగి మూడోది. తప్పులేకుండా వచ్చిన జర్మన్ షెపర్డ్‌ది ఎలాగూ మొదటి స్థానమే.

నేనే వెళ్ళి పెద్దాయనకు చెప్పాలనుకున్నాను. మా తమ్ముడు వద్దన్నాడు, ఫలితాలు బల్ల దగ్గరే చెప్తారన్నాడు. నాకు మనసొప్పలేదు. రౌండు ముగిశాక వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన రాగికి గిన్నెలో నీళ్ళు పోస్తున్నాడు. "ఆగింటే రాయాల్సిందే కదమ్మా, దాంట్లో ఏముండాది" అన్నాడు. కాసేపాగి, "నువ్వు చూసినావు గదా, కర్రల్లో ఎట్ల పోయినాది?" అని అడిగాడు. నేను పరిగెత్తుతుంటే నాకేమీ కనపడదమ్మా అన్నాడు. నేను చెప్పాను. మగ్గంలో నాడె గురించి, వెనక కాలు లోపలికి లాక్కోవడం గురించి. ఆయన వింటూ ఆ కాలును మోకాలి కింద మెల్లగా పిసుకుతూ కూర్చున్నాడు.

రాగి పరుగు అయినప్పటి నుంచే నేను కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను, ఏ-ఫ్రేమ్, కర్రలు నా వీపు వైపు ఉండేలా. ఆ రౌండులో మిగిలిన అయిదు కుక్కలు, వట్టి దూకుళ్ళు, సొరంగాలు మాత్రమే ఉండే రెండో రౌండులో పంతొమ్మిది. ఇరవై నాలుగు పరుగులు, నేను ఒక్క కుక్కను కూడా చూడలేదు. మా తమ్ముడు మధ్యలో ఉగ్గాణి పొట్లం తెచ్చి ఒళ్ళో పెట్టాడు. పరుగుకూ పరుగుకూ మధ్య ఒక్కో ముద్ద తిన్నాను, బజ్జీ చల్లారిపోయింది. తొమ్మిదీ ఇరవైకి ఆఖరి కుక్క దాటింది.

సామాన్లు సర్దేసరికి పన్నెండయింది. పైపులు లెక్కపెట్టి కట్టలు కట్టడం, కొక్కేలు డబ్బాలో వెయ్యడం, ఇసుక సంచులు ఆటోలో వెయ్యడం. తూకం రాయి నేనే కిరాణా కొట్టుకు తిరిగిచ్చి వచ్చాను. వీధికుక్కల పిల్లవాడు చెట్టు కింద అలాగే నిద్రపోయాడు. ఒక కుక్క వాడి కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుంది. ఇద్దరినీ లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. వచ్చేసారి వాడి దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టాలి, కాసేపు వాడూ వచ్చి చూసేలా.

సాయంత్రం ఎవరో రాగి పరుగును ఫోనులో తీసిన వీడియో మా తమ్ముడికి పంపారు. మిద్దె మీద మల్లిని పక్కన పడుకోబెట్టుకుని చూశాను. పెద్దాయన "పద తల్లీ" అనగానే మల్లి చెవులు లేచాయి. నాలుగుసార్లు వేసి చూశాను. నాలుగుసార్లూ నా కళ్ళు ఫ్రేములో కుడివైపు అంచున ఉన్న మేడం మీదే. టైరు దగ్గర, నల్లదారం వాచీ కట్టిన చెయ్యి పైకి లేచింది. బిగించిన పిడికిలి. రెండు సెకన్లపాటు అలాగే ఎత్తి ఉంచారు, నా కుర్చీ వైపు తిప్పి.